మట్టిదోవకు చెంబెడు నీళ్ళు

రండమ్మా రండి, ముందుకు జరగండి. ఆ గుమ్మం దగ్గర కూర్చుంటే నా మాట సగం బస్సుల మోతకే పోతుంది. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. గుగ్గిళ్ళు తింటూ వినొచ్చు, స్వామి ఏమీ అనుకోడు. భజన అయింది, హారతి అయింది, ఇక మన బెంగళూరు యలహంక పాత ఊళ్ళో జరిగిన ముచ్చట ఒకటి చెబుతాను. కదిరి నరసింహస్వామిని తలచుకుని మొదలుపెడుతున్నాను గానీ, ముందే చెబుతున్నా, ఇందులో దయ తక్కువ. అందుకే దగ్గరగా కూర్చోమన్నాను.

ఓబళప్ప గాజులాయన. మడకశిర పక్కనుంచి వచ్చినవాడు. బళేపేటలో మట్టిగాజులు కొని, మలారం కట్టి, అదేనమ్మా, రంగురంగుల గాజుల్ని తాళ్ళకు గుచ్చి కట్టిన ఆ పెద్ద మూట, దాన్ని పాత సైకిలు వెనక పెట్టుకుని పల్లెలు తిరిగేవాడు. అతని భార్య నర్సమ్మ. పిల్లల్లేరు. చిన్న ఇల్లు, ఇంటి ముందు ఇరుకు సందు.

తెల్లవారుతూనే నర్సమ్మ వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేది. ఆ తడివాసనకు మట్టిదోవ వచ్చేది. ఎర్రటి దోవ. నడుమ గరికపట్టె, అటూ ఇటూ తంగేడు పొదలు. ఎక్కడినుంచో మెల్లగా వచ్చి గడప ముందు తల పెట్టుకుని పడుకునేది. నర్సమ్మ దాని నెత్తిన చిన్న ముగ్గు వేసేది. ఓబళప్ప చద్ది తిని, సైకిలెక్కి, దాని మీద బయలుదేరేవాడు. ఆ రోజు ఏ ఊళ్ళో కొత్తపెళ్ళికూతురు ఉందో, ఎవరింట్లో సీమంతమో దోవకు తెలుసు. చెరువు కట్టల మీదుగా, రాగిచేల మధ్యనుంచి, కానుగ నీడల్లోంచి తీసుకుపోయి ఆ వాకిట్లో దించేది. పొద్దు వాలేసరికి ఇల్లు చేర్చేది.

సందులో ఎవరికీ ఇదొక వింత కాదు. పక్కింటి పెద్దక్కకు మాత్రం దుమ్ము గురించి తగవు.

"నర్సమ్మా, మీ దోవను కొంచెం ఆ పక్కకు జరిగి పండుకోమను. ఆరేసిన గుడ్డలన్నీ ఎర్రగా అయితాండాయి."

"అది ఇంటాదా పెద్దక్కా? నా మాట ఇంటి మొగుడే ఇనడు, ఇంక దోవ ఇంటాదా?"

ఆ దోవతో ఒకటే జాగ్రత్త. బయలుదేరినాక దాన్ని "యాడికి?" అని అడగకూడదు. మనకు తెలియనిదా? గడప దాటిన మనిషిని ఎక్కడికని అడిగితే ఏం చేస్తాడు? వెనక్కొచ్చి, ఒక గడియ కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరతాడు. దోవకూ అదే పట్టింపు.

ఒకసారి నీలగిరి తోపు దగ్గర కొత్తగా చేరిన కాపలావాడెవడో "ఏయ్ దోవా, యాడికి పోతాండావ్?" అని గద్దించాడు. దోవ టక్కున ఆగింది. చాప చుట్టినట్టు చుట్టుకుంటూ ఇంటికొచ్చి గడప ముందు కూలబడింది. ఓబళప్ప దాని మడతలో చిక్కుకున్నాడు. లోపల చీకటేమీ లేదట, అంతా ఎర్రగా ఉందట. ఎదురుగా తన గడప కనిపిస్తోంది, ఎంత తొక్కినా దగ్గరకు రాదు. గొంతెండిపోతోంది. నర్సమ్మ పిండిమిషనుకు పోయి ఉంది.

నీళ్ళు, నీళ్ళు అని అతను కేకేస్తే పెద్దక్క గొణుక్కుంటూ బయటికొచ్చింది. "దుమ్ము పోసేది నువ్వు, నీళ్ళు పోసేది నేనా? నా గాచారం!" అని తిడుతూనే చెంబెడు నీళ్ళు తెచ్చి దోవ మీద పోసింది. నీళ్ళు ఇంకగానే దోవ విప్పుకుంది, ఓబళప్ప సైకిలుతో సహా బయటపడ్డాడు. దోవను రప్పించడానికి నర్సమ్మ చేతి కళ్ళాపే కావాలి గానీ, తిరిగొచ్చిన దోవకు నీళ్ళు ఎవరు పోసినా చాలునని ఆ రోజు తెలిసింది. ఈ పెద్దక్కను మరిచిపోకండి. చివర్లో మళ్ళీ చెబుతాను.

నర్సమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, గురుమూర్తి. కాలేజీ చదువుకని వస్తే ఈ ఇంట్లోనే పెట్టుకున్నారు. ఓబళప్ప వాణ్ణి సైకిలు ముందు బారు మీద కూర్చోబెట్టుకుని రోజూ బస్సు దగ్గర దింపేవాడు. కొత్త చొక్కా తనకు కొనుక్కోకుండా వాడికి కొనేవాడు. రెండువేల సంవత్సరం దాటేసరికి వాడికి కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగమైంది, శైలజ అనే పిల్లతో పెళ్ళయింది, పెద్ద రోడ్డు మీద ఫ్లాటు తీసుకున్నాడు. మంచిదే కదా!

అప్పుడప్పుడే ఊళ్ళో ఒక కొత్త సరదా మొదలైంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు ఆదివారం పొద్దున్నే గేరు సైకిళ్ళేసుకుని, నెత్తిన గిన్నెల్లాంటి టోపీలు పెట్టుకుని, తారు లేని దోవలు వెతుక్కుంటూ పోయేవాళ్ళు. చెరువులు, గుండ్లు, ద్రాక్షతోటలు కనబడే మట్టిదోవ ఎవడు కనిపెడితే ఆ వారం వాడే రాజు. గురుమూర్తి కూడా ఒక సైకిలు కొన్నాడు. పాపం, వాడు పట్టుకున్న దోవ ప్రతిదీ ఏదో లేఔటు కాంపౌండు గోడకే తగిలి ఆగిపోయేది. కొత్త ఏర్‌పోర్టు వస్తుందని ఆ చుట్టుపక్కలంతా గోడలే లేస్తున్న రోజులవి. వెనకొచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వు వాడికి అన్నం సయించనిచ్చేది కాదు.

ఒకనాడు అక్క ఇంటికొచ్చాడు. "బావా, ప్లీజ్ బావా. ఒక్క సండే నీ దోవలో మావాళ్ళను తీస్కపో. నా ప్రెస్టీజు పోతాండాది."

"నా దోవ ఏందిరా, మీ అక్క నీళ్ళకు వస్తాది అది," అని నవ్వాడు ఓబళప్ప. "రాండి. కానీ దాన్ని యాడికని మాత్రం అడగొద్దండప్పా."

ఆ ఆదివారం దోవ ఎంత ముద్దుగా పోయిందని! మంచు ఇంకా విడవలేదు. చెరువు మీద గూడబాతులు. చెరువు దాటితే రాగిచేలు, చేల వెనక ఏనుగులు పడుకున్నట్టు గుండ్లు, దూరాన నంది కొండ. గేరు సైకిళ్ళన్నీ అరుచుకుంటూ పోతున్నాయి, ముందు ఓబళప్ప పాత సైకిలు కిర్రు కిర్రు. ఒక గుండు దగ్గర అందరూ ఆగి ఫోటోలు తీసుకుంటుంటే, ఎవరో గురుమూర్తి భుజం తట్టి అడిగారు. "గురూ, ఈ అంకుల్ ఎవరు? మీ రిలేటివా?"

గురుమూర్తి ఓబళప్ప కట్టుకున్న పంచె చూశాడు, సైకిలు వెనక మలారం చూశాడు. "ఛఛ, కాదప్పా. ఎవరో గాజులాయన. దోవలు తెలుస్తాయని ఊరికే పిలిపించినా."

ఓబళప్ప అక్కడే ఉన్నాడు. టైరులో గాలి చూస్తున్నట్టు వంగాడు. వంగి, చాలాసేపు లేవలేదు.

ఇంటికొచ్చి భార్యకు చెప్పలేదు. గుండ్రాయిలా కడుపులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత శైలజ నీళ్ళోసుకుంది. గురుమూర్తి వచ్చి అక్క చేతులు పట్టుకున్నాడు. "అక్కా, కాన్పు దాకా నువ్వు మా ఇంట్లో ఉండు. శైలజకు వాళ్ళమ్మ లేదు." నర్సమ్మ పొంగిపోయింది. పెట్టె సర్దుకుని పోయింది. పోయాక తెలిసింది సంగతి. ఆదివారం తెల్లవారుతూనే ఫ్లాట్ల గేటు ముందు కళ్ళాపి చల్లమనేవాడు తమ్ముడు. వాచ్‌మన్ గంగన్న "ఏందమ్మా, టైల్స్ మీద పేడనీళ్ళా?" అని విసుక్కున్నా ఆమె చల్లేది. దోవ వాసన పట్టుకుని అక్కడికే వచ్చేది. పాపం దానికేం తెలుసు, ఆ చేయి ఎక్కడుంటే అక్కడికి రావడమే తెలుసు. గురుమూర్తి దాని మీద జనాన్ని వేసుకుని పోయేవాడు. ఊళ్ళో సైకిళ్ళవాళ్ళంతా గురు రూట్లు, గురు రూట్లు అని చెప్పుకోసాగారు.

ఇక్కడ ఓబళప్ప వాకిలి ఎండిపోయింది. తనే కళ్ళాపి చల్లి చూశాడు, దోవ రాలేదు. తారురోడ్ల మీద తిరిగాడు. తారురోడ్డుకు ఎవరి చేతులు బోడిగా ఉన్నాయో తెలియదు కదమ్మా, అది లారీల్ని చూసుకుంటుంది. ఒకరోజు సంతలో, ద్రాక్షతోటల పక్కన ఉండే గౌరమ్మ ఎదురుపడింది.

"ఏమప్పా గాజులాయనా, మా కోడలి సీమంతానికి పొద్దు గుంకేదాకా నీకోసం చూస్తిమి. పసుపుతాడు కట్టి కానిచ్చేస్తిమి. ఇంక మా వాకిలి తొక్కద్దు."

ఆ మాట పడి అతను నేరుగా ఫ్లాటుకు పోయాడు.

"బావా, నీ మట్టిగాజులు ఇప్పుడు ఎవరేసుకుంటారు చెప్పు?" అన్నాడు గురుమూర్తి, సైకిలు గొలుసుకు నూనె రాస్తూ. "నీకెందుకు దోవ? ఇంట్లో హాయిగా కూర్చో."

"నర్సమ్మా, ఇంటికి పోదాం రా," అన్నాడు ఓబళప్ప.

నర్సమ్మ తలెత్తలేదు. "బిడ్డ పుట్టేదాకా ఓర్చుకోయ్యా. వాడి పేరు ఇప్పుడిప్పుడే పైకొస్తాండాది."

శైలజ మాత్రం మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "అన్నయ్యా, కూర్చోండి," అంది. అతను గ్లాసు పట్టుకుని నిలబడే తాగాడు.

దిగిపోతుంటే గురుమూర్తి పైనుంచి కేకేశాడు. "బావా! వచ్చే ఆదివారం శైలజ సీమంతం. పచ్చగాజులు నువ్వే తీస్కరా. ఇంకో గాజులాయన్ని నేను యాడ వెతికేది?"

పిలుపు అదీ! మేనమామ వరసలవాళ్ళకు, పేరంటాళ్ళకు బొట్టు పెట్టి చెప్పారు. ఇంటల్లుడికి గాజులు తెమ్మని చెప్పారు.

ఆ ఆదివారం రానే వచ్చింది. సీమంతం మధ్యాహ్నానికి. పొద్దున రైడుకు పోయి వేళకు వచ్చేస్తానని గురుమూర్తి శైలజకు మాటిచ్చి బయలుదేరాడు. ఆ రోజు ఎన్నడూ లేనంత గుంపు. అందులో ఒకాయన మంచి మంచి దోవల గురించి ఇంటర్నెట్టులో రాసేవాడట. సగం దూరం పోయాక ఆయన అడిగాడు. "గురూ, ఈ రూటు ఎక్కడ తేలుతుంది? ఊరి పేరు చెబితే నీ పేరుతో రాసేస్తా."

గురుమూర్తికి ఆ పేరు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. బావ చెప్పిన జాగ్రత్త గుర్తుంది. సీమలో పుట్టినవాడు, ఆ పట్టింపు వాడికి తెలియకేం? తెలుగులో అడిగితేనే కదా తప్పు, అనుకున్నాడు. ముందుకు వంగి, గుసగుసగా, "వేర్ ఆర్ యు గోయింగ్?" అన్నాడు.

నవ్వకండమ్మా. అది బెంగళూరు మట్టి. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ అన్నీ తొక్కిపోయిన మట్టి. దానికి ఇంగ్లీషు రాదనుకోవడం ఏమిటి?

దోవ ఆగింది. వెనకవాళ్ళంతా ఎగిరి రాగిచేలో పడ్డారు. మోకాళ్ళు చెక్కుకుపోయి, గురుమూర్తిని తిట్టుకుంటూ ఏదో టెంపో పట్టుకుని ఇళ్ళకు పోయారు. ఇదంతా తర్వాత వాళ్ళు చెప్పిందే. అందరికంటే ముందున్న గురుమూర్తిని మాత్రం దోవ తనలోకి చుట్టుకుని వెనక్కి తిరిగింది. ఎక్కడికి తిరిగింది? ఫ్లాటు గేటు దానికి ఇల్లెలా అవుతుంది? తిరిగిపోవలసి వచ్చినప్పుడు ఎవరైనా సొంత గడపకే పోతారు.

ఓబళప్ప అరుగు మీద కూర్చుని పచ్చగాజులు మలారానికి కడుతున్నాడు. సందు మొదట్లో తారు డబ్బాలు కాగుతున్నాయి. ఆ రోజే సందుకు తారు వేస్తున్నారు, వారం ముందే అందరికీ చెప్పి ఉన్నారు. పొగ కళ్ళలోకి వస్తుంటే అతను కండువాతో తుడుచుకుని చూసేసరికి, ఎదురుగా ఎర్రగా దోవ కూలబడి ఉంది. నాలుక బయటపెట్టిన కుక్కలా ఉంది.

"వచ్చినావా తల్లీ," అన్నాడు. చేయి చాచి దాని తలను నిమిరాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు లోపల్నుంచి సైకిలు గంట మోగింది.

"బావా! బావా, నేను! నీళ్ళు పొయ్యి బావా. గడప కనిపిస్తాండాది, రాలేకపోతాండా. గొంతు ఎండిపోతాండాది బావా."

ఓబళప్ప చేయి వెనక్కి తీసుకున్నాడు.

ఆ మాట పెద్దక్కకూ వినిపించింది. ముసలిదైపోయింది, మోకాళ్ళ నొప్పులు. అయినా గోడ పట్టుకుని చెంబుతో వచ్చింది. "వచ్చిందా మీ దుమ్ముల దయ్యం? ఇన్నాళ్ళూ లేదని సంతోషపడితిని," అని తిడుతూ వంగబోయింది.

"నువ్వు వంగొద్దులే పెద్దక్కా. ఇట్లా ఇయ్యి. నేను పోస్తా," అన్నాడు ఓబళప్ప.

నమ్మింది. నమ్మకేం చేస్తుంది? చెంబు అతని చేతిలో పెట్టి లోపలికి పోయింది.

అతను చెంబు పట్టుకుని నిలబడ్డాడు. "బావా," అంది దోవ లోపలి గొంతు, "ఆ నీళ్ళ చప్పుడు ఇనిపిస్తాండాది. తొందరగా బావా. శైలజ ఎదురుచూస్తా ఉంటాది." ఓబళప్ప చెంబెత్తాడు. ఎత్తి, తల వెనక్కి వంచి, గటగటా తనే తాగాడు. చుక్క మిగల్చలేదు. ఖాళీ చెంబు అరుగు మీద బోర్లించాడు.

తారు మేస్త్రీ మునినారాయణప్ప వచ్చి అడిగాడు. "ఏమన్నా, ఈ మట్టిదోవ మీదేనా? తీసేస్తారా, దీని మీదనే ఏసేదా?"

ఓబళప్ప మలారం భుజానికెత్తుకుంటున్నాడు.

"మాది కాదప్పా," అన్నాడు. "ఎవరిదో."

నరసింహా, నరసింహా! చెప్పడానికే నోరు ఎండుతోంది. ఆ నీళ్ళిట్లా అందివ్వండమ్మా.

బస్సెక్కి సీమంతానికి పోయాడు. పేరంటాళ్ళ మధ్య పీట మీద శైలజ. ఆమె చేయి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళు దగ్గరికి నొక్కి, నొప్పి తెలియకుండా గాజులెక్కించాడు. అంత బాగా అతను ఏనాడూ ఎక్కించలేదట.

"అన్నయ్యా, ఆయన ఇంకా రాలేదు. మీకు కనబడినాడా?"

"వస్తాడమ్మా. దోవలోనే ఉండాడు."

ఆ మాట అనగానే ఆమె చేతిలో ఒక గాజు చిట్లింది. "పెరిగింది, పెరిగింది," అని పేరంటాళ్ళు గబగబా సర్ది చెప్పారు. నర్సమ్మ మాత్రం మొగుడి పాదాల వైపు చూసింది. చెప్పులకు తారు అంటుకుని ఉంది.  ఆ ఇంటినుంచి ఆమె మళ్ళీ యలహంకకు రాలేదు.

గురుమూర్తి రాలేదని చెప్పుకోవడానికి పోతే, పోలీసు స్టేషనులో రాసుకునేవాడు "పోయింది తారురోడ్డు మీదా, మట్టిదోవ మీదా?" అని అడిగాడట. మట్టిదోవ అన్నారు. "అయితే దోవ వచ్చినప్పుడు వస్తాడు," అని పంపేశాడు. శైలజకు ఆడపిల్ల పుట్టింది. భారతి అని పేరు పెట్టుకున్నారు. నర్సమ్మ ఇప్పటికీ ఆదివారం తెల్లవారుతూనే ఆ గేటు ముందు కళ్ళాపి చల్లుతుంది. నీళ్ళు కాలవలోకి పోతాయి. ఆ పిల్ల గేటు పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడుతుంది.

మరి ఓబళప్ప? సీమంతం మర్నాడు ఎప్పటిలా చద్ది తిని, మలారం కట్టుకుని, సైకిలు దింపాడు. సందంతా నల్లగా నున్నగా ఉంది. పక్కింటి గడపలో పెద్దక్క కూర్చుని ఉంది. తన చెంబు అరుగు మీద బోర్లించి ఉండటం, దోవ చుక్క తడి లేకుండానే తారు కిందికి పోవడం ఆమె చూసింది. రాత్రంతా నిద్రపోలేదు.

"యాడికప్పా ఓబళప్పా?" అంది.

గడప దాటిన మనిషి. ఏం చేస్తాడు? వెనక్కొచ్చి కూర్చున్నాడు. పెద్దక్క గోడ పట్టుకుని వచ్చింది, చెంబెడు నీళ్ళు చేతికిచ్చింది. తాగాడు. లేచాడు, సైకిలు పట్టుకున్నాడు.

"యాడికప్పా?"

మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ నీళ్ళు తెచ్చిచ్చింది. పొద్దు గుంకేదాకా ఇదే. మర్నాడూ ఇదే. గట్టిగా ఒక్క మాట అనలేదు, ఇతరులకు చెప్పలేదు. అడగడం మానలేదు, నీళ్ళివ్వడమూ మానలేదు. ఓబళప్ప ఆ సందు దాటి మళ్ళీ పోలేదు. గాజుల మీద దుమ్ము పేరుకుంది. ఎర్రదుమ్ము. తారుసందులో అది ఎక్కణ్ణుంచి వస్తుందో మరి. ఎండలకు తారు మెత్తబడిన మధ్యాహ్నాలు, కిందనుంచి సన్నగా సైకిలు గంట వినిపించేది. అప్పుడతను చెవులు మూసుకునేవాడు కాదు. వింటూ కూర్చునేవాడు.

ఇంక లేవండమ్మా, పిల్లలు నిద్రకు తూలుతున్నారు. గురుమూర్తి తప్పు మీరు ఇంటికి మోసుకుపోవద్దు, ఓబళప్ప పగ అసలే వద్దు. ఒక్క పని గుర్తుపెట్టుకోండి, పెద్దక్క చేసిన పని. మీ వాకిట్లోకి వచ్చి కూలబడినవాడు మీకు ఎంత కీడు చేసినవాడైనా సరే, ముందు చెంబెడు నీళ్ళు మీ చేత్తో మీరే పోయండి. ఆ చెంబు ఇంకొకరి చేతికివ్వకండి. తిట్టాలనుంటే పోస్తూ తిట్టండి. రేపు పొద్దున వాకిలి తీయగానే చేయండి, ఎల్లుండీ చేయండి. మీ పిల్లలు చూసేలా చేయండి.

నరసింహస్వామీ, చల్లగా చూడు తండ్రీ. పోయి రాండి. ఎక్కడికని నేను అడగను.